45 నిమిషాల పీరియడ్‌లో ఇంగ్లీషు ఎస్సే

టైము పెట్టి ఎస్సే రాయిస్తే తొమ్మిది, పది తరగతుల పిల్లలు చాలామంది పూర్తి చేయలేరు. ఇంగ్లీషు రాకపోవడమే కారణమని ఇంట్లోవాళ్లూ అంటారు, స్టాఫ్‌రూములో మనమూ అంటాం. రాస్తున్నంతసేపూ వెనక బెంచీ దగ్గర నిలబడి చూస్తే అసలు సంగతి తెలుస్తుంది. బెల్లు కొట్టగానే స్కేలు బయటికి వస్తుంది. రెండు వైపులా మార్జిన్లు, పైన హెడింగు, దాని కింద స్కెచ్ పెన్నుతో జంట గీత. తర్వాత మొదటి వాక్యం. అది నచ్చదు, వైట్‌నర్, ఆరేదాకా ఊదడం, మళ్లీ అదే వాక్యం. ఇట్లా ఎనిమిది, పది నిమిషాలు పోయాక అసలు రాత మొదలవుతుంది. అప్పటికీ ఏం చెప్పాలో తేలి ఉండదు. చెప్పిందే తిప్పి తిప్పి రాసి, చివర్లో తొందరపడి, అర్ధవాక్యం దగ్గర పేపరు ఇచ్చేస్తారు. వీళ్లకు గ్రామరు ఇంకో నెల చెప్పినా ఈ పేపరు మారదు. నిమిషాలు పంచుకోవడం నేర్పితే మారుతుంది.

ముందు పీరియడ్ లెక్క చూద్దాం. పేరుకు 45 నిమిషాలు. హాజరు, కాగితాలు పంచడం, ప్రశ్న బోర్డు మీద రాయడం, వెనక నుంచి "సార్, కనబడలేదు" అన్నవాళ్లకు మళ్లీ చదివి చెప్పడం కలిపి ఎనిమిది నిమిషాలు. చివర్లో పేపర్లు పోగు చేసుకోవడానికి రెండు. చేతికి మిగిలేది 35. దాన్ని 2, 5, 23, 5గా విడగొట్టాలి: ప్రశ్న చదవడానికి రెండు, ప్లానుకు ఐదు, రాయడానికి ఇరవై మూడు, చూసుకోవడానికి ఐదు. ప్లానుకు ఐదు నిమిషాలంటే పిల్లలకు గుండె దడ. పక్కవాడు అప్పుడే నాలుగు లైన్లు రాసేశాడని కంగారు. అందుకే మొదట్లో కొన్నాళ్లు ఆ ఏడు నిమిషాలూ పెన్నులు మూయించాలి, పెన్సిలే చేతిలో ఉండాలి. ఎవరూ రాయడం లేదంటే ఎవరికీ కంగారు ఉండదు.

23 నిమిషాల్లో ఎన్ని పదాలు రాయగలరో ఒక్కొక్కరికీ తెలిసి ఉండాలి. దీనికి చిన్న పరీక్ష ఉంది. పాఠ్యపుస్తకంలో బాగా తెలిసిన పేరా ఒకటి తీసి మూడు నిమిషాలు చూసి రాయించండి. పదాలు లెక్కపెట్టి మూడుతో భాగిస్తే చూచిరాత వేగం వస్తుంది. నిమిషానికి 16 పదాలు వచ్చిందనుకుందాం. సొంతంగా ఆలోచిస్తూ రాసేటప్పుడు ఆ వేగం దాదాపు సగానికి పడిపోతుంది. అంటే ఎనిమిది. 23 నిమిషాలకు 184. ఆ పిల్లవాడి లక్ష్యం 180 పదాలు, అంతకు మించి పెట్టుకోకూడదు. చూచిరాతే నిమిషానికి 11 పదాలుంటే లక్ష్యం 120, 125. ఆ పిల్లకు కావాల్సింది ఇంగ్లీషు ట్యూషన్ కాదు, ఇంట్లో రోజూ పది నిమిషాల చూచిరాత. ఈ తేడా తెలియకుండా తరగతి మొత్తానికి ఒకే పదాల సంఖ్య చెప్పడం వల్ల నెమ్మదిగా రాసేవాళ్లు ప్రతిసారీ ఓడిపోతారు.

పదాలు ఒక్కొక్కటిగా లెక్కపెట్టడానికి పరీక్షలో టైముండదు. తన చేతిరాతకు ఒక లైనులో ఎన్ని పదాలు పడతాయో ముందే చూసుకోవాలి. ఎనిమిది పడితే 180 పదాలంటే 22, 23 లైన్లు. రాయడం మొదలుపెట్టేముందే కాగితం మీద ఇరవై మూడో లైను పక్కన పెన్సిలుతో చుక్క పెట్టుకుంటే చాలు. పన్నెండో లైనుకు చేరేసరికి సగం టైము అయిపోయి ఉండాలి.

పరీక్షల్లో ఏం అడుగుతారో కూడా ఈ లెక్కలోంచే చూడాలి. మన ఆంధ్రప్రదేశ్ పదో తరగతి పబ్లిక్ పరీక్షలో ఇంగ్లీషు పేపరు 100 మార్కులకు, 3 గంటల 15 నిమిషాలు. అందులో మొదటి 15 నిమిషాలు ప్రశ్నపత్రం చదువుకోవడానికే. ఉత్తరం, డైరీ, సంభాషణ లాంటి డిస్కోర్సులన్నిటికీ ఇదే లెక్క. సీబీఎస్‌ఈ పదో తరగతిలో ఉత్తరానికైనా పేరాకైనా 120 పదాలు దాటనక్కర్లేదు. ఐసీఎస్‌ఈ కాంపొజిషన్‌కు 300 నుంచి 350 పదాలు, సూచించే టైము అరగంట; మామూలు వేగంతో రాసే పిల్లలకు ఇది నిజంగానే కష్టం, కాబట్టి అక్కడ చేతివేగం మీద ఎక్కువ పని పెట్టాలి. ఇంటరో డిగ్రీయో అయ్యాక ఐఈఎల్‌టీఎస్ (విదేశాల చదువుకు అడిగే ఇంగ్లీషు పరీక్ష) రాయబోయేవాళ్లకు రెండో టాస్కు, అంటే ఎస్సే, 40 నిమిషాల్లో కనీసం 250 పదాలు. ప్లానుకు, చివరి చూపుకు పది నిమిషాలు తీసేస్తే నిమిషానికి ఎనిమిదిన్నర లోపే. తొమ్మిదో తరగతిలో నిమిషానికి ఎనిమిది పదాలు అలవాటైతే విదేశాల చదువుకు రాసే పరీక్షకు కూడా అదే దాదాపు సరిపోతుంది. వేలకు వేలు పోసి కోచింగులో చేరేముందు ఈ లెక్క ఒకసారి వేసుకోవడం మంచిది.

ఇక ప్రశ్న. ప్రశ్నలో రెండు భాగాలుంటాయి: దేని గురించి, ఏం చేయమన్నారు. పిల్లలు మొదటిది మాత్రమే చదువుతారు. "స్వర్ణముఖి నదిని శుభ్రంగా ఉంచడం ఎవరి బాధ్యత, ప్రభుత్వానిదా, ఒడ్డున ఉండే జనానిదా?" అని ఇంగ్లీషులో అడిగితే, "నది" అన్న మాట పట్టుకుని నదులు మనకు తల్లులాంటివి, నాగరికతలన్నీ నదుల ఒడ్డునే పుట్టాయి అని సగం పేజీ నింపేస్తారు. అడిగింది ఎవరి బాధ్యత అని. ఆ ఒక్క మాటకు జవాబు చెప్పకుండా ఎంత చక్కటి ఇంగ్లీషు రాసినా మార్కులు పడవు. డిస్క్రైబ్ అంటే ఎట్లా ఉందో చూపించమని. డిస్కస్ అంటే రెండు వైపులా తూచమని. ఎక్స్‌ప్లెయిన్ అంటే ఎందుకో, ఎట్లాగో విడమరిచి చెప్పమని. మొదటి రెండు నిమిషాల్లో చేయాల్సింది ఇంతే: పని చెప్పే మాటకు గుండ్రం, విషయం చెప్పే మాటకు కింద గీత, తర్వాత ప్రశ్నను సొంత తెలుగులో ఒక్క ముక్కలో కాగితం మూల రాసుకోవడం. "ఎవరు చూసుకోవాలి? ఎందుకు?" అంతే.

అవును, తెలుగులోనే. ఇక్కడ చాలామంది ఇంగ్లీషు టీచర్లకూ నాకూ పడదు. ఇంగ్లీషు పీరియడ్‌లో తెలుగు అక్షరం కనబడితే తప్పు చేసినట్టు చూస్తారు. ప్లాను ఎవరూ దిద్దరు, ఎవరికీ చూపించేది కాదు. పిల్లవాడు తెలుగులో ఆలోచించి, ఆ ఆలోచనను ఇంగ్లీషులోకి మార్చి, ఆ ఇంగ్లీషుకు స్పెల్లింగు వెతుక్కుని, అప్పుడు ప్లాను రాయాలంటే ఐదు నిమిషాలూ ఆ మార్పిడికే సరి. అసలు ఆలోచన మూడో నిమిషంలో ఆగిపోతుంది. తెలుగులో అయితే ఐదు నిమిషాల్లో ఎనిమిది తొమ్మిది ముక్కలు వస్తాయి, వాటిలోంచి నాలుగు ఏరుకోవచ్చు. ఏరుకోవడానికి ఏదో ఒకటి ఉండడమే ప్లాను ప్రయోజనం.

పై ప్రశ్నకు ఒక ప్లాను ఇట్లా ఉంటుంది. నా మాట: ముందు మున్సిపాలిటీ, తర్వాత జనం. ఒకటి: మురుగు కాలువలు నదిలోకి పోతాయి, వాటిని ఇంటివాళ్లు ఆపలేరు. రెండు: 2021 నవంబరు వాన, వరద, రాయలచెరువు కట్ట; నీళ్లకు దారి లేకపోతే ఏమవుతుందో చూశాం. ఎదుటివాళ్ల మాట: చెత్త వేసేది జనమే కదా. దానికి జవాబు: చెత్తకుండీ దగ్గర్లో లేకపోతే ఎక్కడ వేస్తారు. ముగింపు: వచ్చే వానాకాలం లోపల ఏం చేయాలి. మొత్తం ఆరు లైన్లు. పక్కన పేరాకు ఎన్ని పదాలో అంకెలు వేసుకోవాలి: 25, 50, 50, 35, 20. కలిపితే 180. ఎదుటివాళ్ల మాటా దానికి జవాబూ ఒకే పేరా, అందుకే ఆరు లైన్లకు ఐదు అంకెలు.

ఈ ప్లానులో ప్రాణం రెండో కారణంలో ఉంది. 2021 నవంబరులో స్వర్ణముఖి పొంగింది, రామచంద్రాపురం మండలంలో రాయలచెరువు కట్టకు గండి పడుతుందని చుట్టుపక్కల ఊళ్లు ఖాళీ చేయించారు, తిరుమల నడకదారులు మూసేశారు. ఇప్పుడు పదో తరగతిలో ఉన్న పిల్లలు అప్పుడు చిన్నవాళ్లే అయినా ఇంట్లో వినే ఉంటారు. అటువంటి ఒక్క సంగతి, ఊరి పేరుతో, సంవత్సరంతో ఉంటే, "కాలుష్యం వలన మానవాళికి ముప్పు" లాంటి పది వాక్యాల కంటే బరువు. పేపరు దిద్దేవాళ్లకు రోజంతా మానవాళి ముప్పు చదివీ చదివీ విసుగు పుడుతుంది. రాయలచెరువు కనబడగానే లేచి కూర్చుంటారు.

అందుకే ప్రాక్టీసుకు ఇచ్చే ప్రశ్నలు ఊరి చుట్టూ ఉండాలి. సైన్సు వరమా శాపమా, నా అభిమాన నాయకుడు లాంటివి గైడ్లలో అచ్చేసి ఉంటాయి, పిల్లలు కంఠతా పట్టి ఉంటారు. వాటిని టైము పెట్టి రాయిస్తే తెలిసేది జ్ఞాపకశక్తి మాత్రమే. చిత్తూరు వైపు బడి అయితే తోతాపురి మామిడి గురించి అడగండి. 2025లో కిలోకు 12 రూపాయలు దక్కేలా ఫ్యాక్టరీలు 8, ప్రభుత్వం 4 ఇవ్వాలని నిర్ణయించారు; ఆ పద్ధతి రైతుకు మేలా కాదా అని అడిగితే దామలచెరువు, బంగారుపాళెం చుట్టుపక్కల పిల్లలు టీచరుకే పాఠం చెబుతారు. మండీ ముందు ట్రాక్టర్లు ఎంతసేపు నిలబడ్డాయో, కాయ ఎట్లా మెత్తబడుతుందో వాళ్లకు తెలుసు. తిరుపతిలో అయితే తిరుమల కొండ మీద ప్లాస్టిక్ బాటిళ్ల నిషేధం, గంగమ్మ జాతరలో వేషాలు వేసే పద్ధతి, చంద్రగిరి కోటకు టికెట్టు పెట్టడం సరైందేనా, ఇట్లాంటివి. తెలిసిన విషయమైతే టైము ఒత్తిడి ఒక్కటే మిగులుతుంది, దానితోనే పిల్లలు కుస్తీ పడతారు. తెలియని విషయం ఇచ్చి టైము కూడా పెడితే రెంటిలో ఏది అడ్డం పడిందో మనకే తెలియదు.

జాతర గురించి అడిగినప్పుడు ఒక జాగ్రత్త: వర్ణించమన్నారా, అభిప్రాయం అడిగారా అన్నది ప్రశ్నలో స్పష్టంగా ఉండాలి. బైరాగి వేషం, బండ వేషం, తోటి వేషం అంటూ వర్ణించడం మొదలుపెడితే పిల్లలు ఆపరు. అది తప్పు కాదు, మనం అడగడంలో పొరపాటు.

మొదటి పేరాకు 25 పదాలు, రెండు వాక్యాలు. ఒకటి విషయం, రెండోది నా మాట. నా మాట ప్లానులోనే ఉంది కాబట్టి దాన్ని ఇంగ్లీషులో పెట్టడమే పని. "ది స్వర్ణముఖి ఈజ్ డ్రై ఫర్ మోస్ట్ ఆఫ్ ది ఇయర్, అండ్ పీపుల్ త్రో గార్బేజ్ ఇన్ ఇట్. ఐ థింక్ ది మున్సిపాలిటీ మస్ట్ యాక్ట్ ఫస్ట్." చాలు. గొప్పగా ఉండనక్కర్లేదు. "ఇన్ దిస్ మోడర్న్ వరల్డ్" అని మొదలైన పేపరు, "నౌ ఎ డేస్" అని మొదలైన పేపరు కట్టలో సగం ఉంటాయి. గాంధీగారు అన్నారనీ కలాంగారు అన్నారనీ కొటేషన్‌తో మొదలుపెట్టడం ఇంకో జబ్బు. ఆ కొటేషన్లలో చాలా వాటిని వాళ్లు అసలు అన్నారో లేదో కూడా తెలియదు. మొదటి వాక్యం రాకపోతే నాలుగు లైన్లు ఖాళీ వదిలి రెండో పేరాతో మొదలుపెట్టమనండి. కారణం రాశాక మొదటి వాక్యం దానంతట అదే వస్తుంది. ఈ ఒక్క అనుమతితో కొందరికి ఐదారు నిమిషాలు మిగులుతాయి.

ఇంట్రడక్షన్, బాడీ, కంక్లూజన్ అని సైడ్ హెడింగులు వేసి కింద గీతలు గీయడం మన గైడ్ల దయ. ఎస్సేకు అవి అక్కర్లేదు. పేరా మారిందని తెలియడానికి ఒక లైను వదిలితే చాలు. మార్జిన్లు పేపరు చేతికి రాగానే గీసుకోవాలి, ప్రశ్న చూశాక కాదు. జవాబుపత్రం మీద ముందే గీతలుంటే ఆ పని కూడా లేదు.

కారణం చెప్పే పేరా ఒక్కొక్కటి నాలుగు వాక్యాలు. కారణం, అది ఎట్లా పనిచేస్తుంది, ఒక ఉదాహరణ, ఆ ఉదాహరణ నా మాటను ఎట్లా బలపరుస్తుంది. నాలుగోది రాయడం అందరూ మరిచిపోతారు. వరద వచ్చిందని రాసి ఆపేస్తారు. వరదకూ మున్సిపాలిటీ బాధ్యతకూ సంబంధం చదివేవాళ్లే ఊహించుకోవాలి. "దిస్ షోస్ దట్" అని ఒక వాక్యం మొదలుపెట్టడం అలవాటు చేస్తే సగం రోగం కుదురుతుంది. కొన్నాళ్లకు ఆ మాట అన్ని పేపర్లలో వినబడి చిరాకు వేస్తుంది, అప్పుడు మాన్పించవచ్చు.

వాక్యం ఎంత పొడవుండాలి? మన పిల్లలకు పన్నెండు, పదిహేను పదాలు. తెలుగులో క్రియ చివర్లో వస్తుంది, దాని ముందు ఎన్ని ముక్కలైనా కట్టుకుంటూ పోవచ్చు. అదే పద్ధతిలో ఇంగ్లీషు వాక్యం కడితే మధ్యలో కర్త ఎవరో మరిచిపోయి, క్రియ ఏకవచనమా బహువచనమా తేలక, రెండు సార్లు "విచ్" పెట్టి బయటపడలేరు. "దో" పెట్టి మళ్లీ "బట్" పెట్టడం, "బికాజ్" పెట్టి మళ్లీ "సో" పెట్టడం కూడా ఇక్కడే పుడతాయి. పొడవు వాక్యం కనబడితే ఫుల్‌స్టాప్ పెట్టి రెండు చేయమనడం ఒక్కటే మందు. చిన్న వాక్యాలకు మార్కులు తక్కువ పడతాయన్నది అపోహ. తప్పుల్లేని పన్నెండు పదాల వాక్యం, మూడు తప్పులున్న ముప్పై పదాల వాక్యాన్ని ఎప్పుడూ గెలుస్తుంది.

రాస్తూ ఉండగా మాట దొరకకపోవడం టైము తినేసే పెద్ద గొయ్యి. నది కబ్జాకు ఇంగ్లీషు మాట గుర్తురాక పైకప్పు వంక చూస్తూ మూడు నిమిషాలు కూర్చుంటారు. ఆ మాట వదిలేసి జరిగింది చెప్పాలి: "పీపుల్ బిల్ట్ హౌసెస్ ఇన్ ది రివర్." పూడికకు మాట రాకపోతే అడుగున పేరుకున్న మట్టి అని రాయొచ్చు. ప్రాక్టీసులో అయితే తెలుగు మాటే తెలుగు లిపిలో రాసి, చుట్టూ గుండ్రం గీసి ముందుకు పోనివ్వండి. పేపర్లు వచ్చాక ఆ గుండ్రాలన్నీ పోగేస్తే మీ తరగతికి కావాల్సిన పదాల పట్టిక తయారు. ఏ పుస్తకంలోని పట్టిక కంటే అది ఉపయోగం. అసలు పరీక్షలో మాత్రం తెలుగు లిపి కుదరదు, అందుకే తేలిక మాటలతో చుట్టూ తిరిగి చెప్పే సాధన ముందే జరగాలి.

పెన్ను సంగతి చిన్నదే, కానీ పబ్లిక్ పరీక్షలు మార్చిలో. అప్పటికే మన దగ్గర ఎండలు మొదలై ఉంటాయి, ఫ్యాను ఒక మూల తిరుగుతుంటే ఇంకో మూలకు గాలి రాదు. అరచేతి చెమటకు జెల్ పెన్ను రాత అలుక్కుపోతుంది. చెయ్యి కింద రుమాలు గానీ మడిచిన కాగితం గానీ పెట్టుకోవాలి. బాల్ పెన్ను అలుక్కుపోదు, కానీ గట్టిగా నొక్కి రాసేవాళ్లకు పదిహేను నిమిషాలకు బొటనవేలు నొప్పి. పరీక్షకు వాడబోయే పెన్నుతోనే నెల ముందు నుంచి రాయించాలి. హెడింగుకు ఒక రంగు, జవాబుకు ఒక రంగు మార్చుకుంటూ పోవడం ఎస్సేలో దండగ.

చివరి ఐదు నిమిషాలు పిల్లలు "చదువుకున్నాం సార్" అంటారు. చదివి ఉంటారు, తప్పులు కనబడి ఉండవు. తాను రాయాలనుకున్నదే కళ్లకు కనబడుతుంది. కాబట్టి చదవకూడదు, వెతకాలి. మొదటి చుట్టులో క్రియలు మాత్రమే: ప్రతి క్రియ కింద పెన్సిలు మొన పెట్టి, జరిగిపోయిందా ఇప్పుడు జరుగుతోందా చూసుకోవాలి. వరద పేరాలో "కమ్స్" అని, పక్క వాక్యంలో "వెంట్" అని కలగాపులగం అయ్యేది ఇక్కడ దొరుకుతుంది. రెండో చుట్టులో కర్తకూ క్రియకూ పొత్తు: ఒక్కరైతే "ఎస్" ఉందా. మూడో చుట్టులో ఫుల్‌స్టాపులు, వాక్యం మొదట పెద్దక్షరాలు, ఊరి పేర్ల పెద్దక్షరాలు. మూడు చుట్లూ చివరి వాక్యం నుంచి మొదటి వాక్యానికి వెనక్కి రావాలి. అప్పుడు కథనంలో కొట్టుకుపోకుండా ఒక్కో వాక్యాన్నీ విడిగా చూస్తారు. ఒక్కో చుట్టుకు ఒకటిన్నర నిమిషం పడుతుంది. మిగిలిన అర నిమిషం పేరు, రోల్ నంబరు. "డిస్కస్ అబౌట్," "రిటర్న్ బ్యాక్," "ఐ యామ్ హ్యావింగ్ టూ బ్రదర్స్" లాంటివి ఎవరికి ఏవి అలవాటో వాళ్లకే ఒక చిన్న జాబితా ఉంటే దాన్ని మొదటి చుట్టులోనే కలుపుకోవచ్చు.

ఈ ఐదు నిమిషాల్లో చేయకూడనివి రెండు. కొత్త వాక్యం ఇరికించడం ఒకటి. ఇరికించిన వాక్యంలోనే కొత్త తప్పు ఉంటుంది. స్పెల్లింగు అనుమానంగా ఉన్న మాటను మూడు రకాలుగా దిద్దడం రెండోది. అనుమానమైతే ఒక గీత కొట్టి పైన వేరే తేలిక మాట రాయాలి. వైట్‌నర్ బడిలో పూర్తిగా మాన్పించడమే మంచిది. ఒక్క అడ్డగీత చాలు, స్కేలు కూడా వద్దు.

ఇదంతా ఒకే రోజు పెట్టి "రేపటి నుంచి ఇట్లా రాయండి" అంటే జరగదు. ముక్కలుగా చేయించాలి. మొదటి వారం ఎస్సే ఊసే వద్దు, ప్లాన్లు మాత్రమే. ఒక పీరియడ్‌లో నాలుగు ప్రశ్నలు, ఒక్కోదానికి ఏడు నిమిషాలు, మధ్యలో ఇద్దరు ముగ్గురివి చదివించడం. వారంలో రెండు పీరియడ్లు చేస్తే ఎనిమిది ప్లాన్లు. రెండో వారం ఆ ప్లాన్లలోంచే ఒకటి తీసి కారణం పేరా ఒక్కటే, ఎనిమిది నిమిషాల్లో. ఇది ఎక్కువసార్లు చేయించాలి, ఎస్సే బరువంతా ఈ పేరా మీదే ఉంది. మూడో వారం మొదటి పేరా, చివరి పేరా కలిపి పది నిమిషాలు. నాలుగో వారం పూర్తి ఎస్సే, కానీ టైము లేకుండా, రెండు పీరియడ్లు కలిసి వచ్చే రోజున. అయిపోయినప్పుడు ఎవరికి ఎంత టైము పట్టిందో వాళ్లే పేపరు మీద రాసుకోవాలి. 60 నిమిషాలు పట్టినవాళ్లు తర్వాతసారి 50లో, ఆపైన 40లో, ఆఖరికి 35లో. చాలా బడుల్లో మొదటి రోజే 35 పెట్టేసి, రాలేదని తిట్టి, మళ్లీ నెలకు అదే 35 పెడతారు. దానివల్ల పెరిగేది భయమే.

35కు చేరాక పూర్తి పరీక్ష నెలకు ఒకటి చాలు. వారానికొకటి పెడితే దిద్దలేం, దిద్దకుండా పెట్టడం వృథా.

రాసేటప్పుడు టీచరు "ఇంకా పది నిమిషాలే, ఇంకా ఐదు నిమిషాలే" అని అరుస్తుంటే ప్రతి అరుపుకూ తరగతి మొత్తం తలెత్తుతుంది. బోర్డు మీద ఒక మూల గడియారం టైములే రాసి పెట్టండి. పీరియడ్ 10:00కి మొదలై, ప్రశ్న 10:08కి అందితే: ప్రశ్న 10:10 దాకా, ప్లాను 10:15 దాకా, రాత 10:38 దాకా, చూపు 10:43 దాకా. గోడ గడియారం ముందు వైపు ఉండాలి, వెనక గోడకు కాదు. నోటితో చెప్పేది రెండే సార్లు: పెన్ను తెరవండి, పెన్ను ఆపి వెతకండి. 10:38కి ముగింపు రాయనివాళ్లు ఉంటారు. వాళ్లు ప్లానులోని చివరి లైను చూసి ఒక్క వాక్యం రాసి ఆపాలి. మధ్యలో తెగిపోయిన ఎస్సే కంటే ఒక్క వాక్యంతో ముగిసింది నయం. మరీ టైము చాలదని సగంలోనే తెలిస్తే ఎదుటివాళ్ల మాట పేరా తీసేయొచ్చు, డిస్కస్ చేయమని అడిగినప్పుడు తప్ప.

దిద్దడం లెక్క కూడా నిజాయితీగా వేసుకోవాలి. తరగతిలో 50 మంది, పేపరుకు నాలుగు నిమిషాలు అంటే 200 నిమిషాలు, మూడు గంటల ఇరవై నిమిషాలు. రెండు సెక్షన్లుంటే ఆదివారం పోయినట్టే. అన్ని తప్పులూ ఎర్ర ఇంకుతో దిద్దడం మానేయండి. ఆ పేపరు పిల్లలు మార్కు చూసి మడిచి పెట్టేస్తారు. ఒక్కోసారి ఒక్కటే దిద్దండి. ఈ నెల కారణం పేరాలు మాత్రమే, వచ్చే నెల క్రియలు మాత్రమే, అని ముందే చెప్పండి. తప్పున్న లైను పక్కన మార్జిన్‌లో ఒక అక్షరం వేస్తే చాలు, క్రియకు "క్రి", పొత్తుకు "పొ", ఉదాహరణ లేకపోతే "ఉ". తప్పు ఎక్కడుందో వాళ్లే వెతుక్కోవాలి. అప్పుడు పేపరుకు రెండు నిమిషాల లోపే పడుతుంది. మార్కులు పదికి వేస్తే అడిగినదానికి సూటిగా జవాబు చెప్పినందుకు 3, కారణాలకు, ఉదాహరణకు 3, పేరాల వరుసకు 2, భాషకు 2. భాషకు ఐదారు వేసే టీచర్లున్నారు. వాళ్ల తరగతిలో పిల్లలు తప్పు పడుతుందని భయపడి తక్కువ రాస్తారు, ఉన్నదాన్నే సాగదీస్తారు.

పేపరు తిరిగి ఇచ్చిన రోజు 15 నిమిషాలు కేటాయించి, గుర్తులున్న పేరా ఒక్కటే మళ్లీ రాయించాలి. మొత్తం ఎస్సే కాదు. కొత్త పేరాను పాతదాని పక్కన అతికించి నోటుబుక్కులో ఉంచితే తల్లిదండ్రుల మీటింగులో చూపించడానికి అదే సాక్ష్యం. ర్యాంకు అడిగే నాన్నలకు కూడా అది అర్థమవుతుంది.

రాయడంలో ఇబ్బంది ఉన్న పిల్లలకు ఈ లెక్కలు వేరు. చేతి సమస్య, చూపు సమస్య, చదవడం, స్పెల్లింగు కష్టమయ్యే డిస్లెక్సియా ఉన్నట్టు ధ్రువపత్రం ఉన్నవాళ్లకు పబ్లిక్ పరీక్షల్లో గంటకు 20 నిమిషాల చొప్పున అదనపు టైము ఉంటుంది, అవసరమైతే రాసిపెట్టే సహాయకుణ్ణి కూడా ఇస్తారు. దానికి పరీక్షల ముందు ఆఖరి వారంలో పరుగెత్తితే కుదరదు. ధ్రువపత్రం పని తొమ్మిదో తరగతిలోనే మొదలుపెట్టమని ఇంట్లోవాళ్లకు చెప్పాలి. తరగతిలో కూడా అదే నిష్పత్తి ఇవ్వండి: 35 నిమిషాలకు మరో 12, అంటే 47. పీరియడ్ దాటిపోతుంది కాబట్టి ఇంటర్వెల్‌కు ముందు పీరియడ్‌లోనే ఎస్సే పెట్టుకోవాలి, లేదంటే తర్వాత క్లాసు టీచరుతో ముందే మాట్లాడి పెట్టుకోవాలి. సహాయకుడితో రాయబోయే పిల్లలకు ప్లాను నోటితో చెప్పడం, వాక్యం చివర ఫుల్‌స్టాప్ కూడా చెప్పడం విడిగా సాధన చేయించాలి. అలవాటయ్యేదాకా చెప్పి రాయించడం నెమ్మదిగానే సాగవచ్చు, మొదటిసారి 100 పదాలు దాటినా సంతోషించవచ్చు.